పాక కన్నా ముందు రేవు చూసుకోండి

లంకలో పాక వేసిన రైతుని "ఇక్కడే ఎందుకు వేశారండీ?" అని అడిగితే ఎక్కువ మంది చెప్పే జవాబు ఒకటే. చేను దగ్గర, పైగా చెట్టు నీడ ఉంది అంటారు. నీడ చూసుకోవడం తప్పేం కాదు. కానీ లంక రైతుకి రోడ్డంటే ఏరే కదా. ఎరువు బస్తా వచ్చేది ఏటి మీదే, అరటి గెల పోయేది ఏటి మీదే, రాత్రిపూట పాము కరిస్తే ఆస్పత్రికి పరిగెత్తేదీ ఏటి మీదే. రోడ్డు ఎటుందో చూడకుండా ఊళ్ళో ఇల్లు కట్టుకోం. అలాంటప్పుడు పడవ ఎక్కడ నిలుస్తుందో చూడకుండా లంకలో పాక ఎలా వేస్తాం? ముందు రేవు, ఆ తర్వాతే పాక అన్నది నా అభిప్రాయం. దాంతోపాటు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. మీరు చూసుకున్న ఆ రేవు మీ ఒక్కరిదే కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో ఉన్న లంకల్లో అరటి, కంద, పసుపు, మొక్కజొన్న, కూరగాయలు వేసే చిన్న రైతులూ కౌలు రైతులే ఎక్కువ. ఎకరం, అరెకరం సాగు చేసేవాళ్ళు. వీళ్ళలో చాలామంది కాపురం ఏటిగట్టు ఇవతల, పొలం అవతల. పంట కాలంలో కాపలాకి, ఇంజను సామాను దాచుకోడానికి, ఎండకీ వానకీ తల దాచుకోడానికి ఓ పాక వేసుకుంటారు. వరదకి అది పోతుంది, మళ్ళీ వేస్తారు. ఎలాగూ పోయేదే కదా అని దాని జాగా గురించి పెద్దగా ఆలోచించరు. వరదలో పాక ఒక్కటే పోతే ఫరవాలేదు. ఇంజను, విత్తనం, గేదె కూడా దాంతోపాటే పోతున్నాయి. ఒక్కోసారి మనిషి కూడా.

ఒడ్డు చెప్పే మాట వినండి

ఏరు వంపు తిరిగిన చోట నీరు బయటి ఒడ్డుని ఒరుసుకుంటూ పోతుంది. అక్కడ లోతు ఎక్కువ. నడివేసవిలో కూడా పడవ ఒడ్డుదాకా వస్తుంది. అందుకని రేవుకి బాగుందనిపిస్తుంది. కాని కోత పడేది కూడా ఆ ఒడ్డే. వంపు లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. అక్కడ కోత భయం తక్కువ గాని, మార్చి వెళ్ళేసరికి నీరెక్కడో, పాకెక్కడో. ఆ ఎండలో గెల భుజాన వేసుకుని కాలిపోయే ఇసుకలో నడిచిన వాళ్ళకి ఆ బాధ నేను చెప్పక్కర్లేదు. ఈ రెండూ కాకుండా, వంపు ఇంకా మొదలవని చోట ఏరు తిన్నగా పారే జాగా ఉంటుంది. ఒడ్డు ఏటవాలుగా దిగి ఉంటుంది, రెల్లు గుబురుగా ఉంటుంది. రేవుకి చూడాల్సింది అలాంటి చోటు.

ఒడ్డు గోడలా నిట్టనిలువుగా తెగి ఉన్నా, కొబ్బరి చెట్టు వేళ్ళు గాలిలో వేలాడుతున్నా అక్కడ పాక ఆలోచన పెట్టుకోకండి. ఇంకో గుర్తు ఉంది, దాన్ని చాలామంది చూడరు. ఒడ్డుకి నాలుగైదు గజాల లోపలగా, ఏటి వెంబడే నేల మీద సన్నగా బీట పోతుంది. ఎండకి పడిన నెర్రె అనుకుంటాం. నెర్రెలు అడ్డదిడ్డంగా వస్తాయి. ఒడ్డుకి వరసగా ఒకే బీట సాగిందంటే ఆ ముక్క మొత్తం ఏట్లోకి దిగడానికి సిద్ధంగా ఉన్నట్టు. వరద తీసేటప్పుడే ఇలాంటివి ఎక్కువ కూలతాయి. నీరు నానబెట్టిన మట్టికి అప్పటిదాకా ఏటి నీరే ఆసరాగా ఉంటుంది, అది ఒక్కసారి దిగిపోతే ఒడ్డు నిలవదు. వరద పోయింది కదా అని మర్నాడే వెళ్ళి ఒడ్డు మీద నిలబడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కోత ఎంత ఉందో తెలుసుకోడానికి ఇంజినీరు రానక్కర్లేదు. ఒడ్డు నుంచి లోపలికి పది గజాలకొకటి చొప్పున నాలుగు గూటాలు దిగ్గొట్టండి. ఏటా వరద వెళ్ళాక కొలవండి. ఏడాదికి ఎన్ని గజాలు పోతోందో దానికి పదింతలు వెనక్కి జరిగి పాక వేసుకోమని నేనంటాను. మరీ ఎక్కువ చెబుతున్నానని కొందరికి అనిపించొచ్చు. మన లంకల్లో తాతల నాటి పొలం మొత్తం ఏట్లో కలిసిపోయిన కుటుంబాలు ఎన్ని లేవు? ఇటు కోసుకుపోయిన నేలకి పట్టా ఉంటుంది, నేల ఉండదు. అటు వేసిన మేటలో నేల ఉంటుంది, పట్టా ఉండదు. ఇక దాని మీద తగువులు.

రెల్లు సంగతి చెప్పాలి. చేను శుభ్రంగా కనబడాలని ఒడ్డు చివరిదాకా రెల్లు పీకి, ఆ మూరెడు జాగాలో కూడా నాలుగు మొక్కలు పెడుతున్నారు. ఆ రెల్లు వేళ్ళే ఒడ్డుని పట్టుకుని ఉన్నాయి. పడవ దిగడానికి బారెడు దారి చాలు, మిగతాది ఉండనివ్వండి. వెదురు, వట్టివేరు పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

మెరక ఎంత?

1986 ఆగస్టు వరదని చూసిన పెద్దలు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. 2006 ఆగస్టులో 28 లక్షల పైన వచ్చింది. 2022లో 25 లక్షలు దాటింది, అయితే అది ఆగస్టులో కాదు, జూలై మధ్యలోనే. ఇంకా నెల టైముంది కదా అని ఇంజన్లు, పైపులు లంకలోనే ఉంచిన వాళ్ళు దెబ్బతిన్నారు. అంచేత వరద ఆగస్టులోనే వస్తుందన్న పాత లెక్క మీద ఆధారపడకండి.

ఆ పెద్దల్ని వెంటబెట్టుకుని మీ లంకకి వెళ్ళండి. 1986లో నీరు ఏ చెట్టు దాకా వచ్చింది, 2006లో ఎక్కడిదాకా, 2022లో ఎక్కడిదాకా అని అడిగి గుర్తులు పెట్టుకోండి. మునగని మెరక లంకలో ఎక్కడా లేకపోవచ్చు. కనీసం చివరగా మునిగేది ఏదో తెలుస్తుంది. పాక అక్కడ. రేవుకి కొంచెం దూరమైనా సరే, మధ్యలో పల్లం లేని దారి ఉండాలి. చాలా లంకల్లో నీరు ముందు ఒడ్డు దాటి రాదు, వెనక పల్లంలోంచి, పాత పాయ గుంటలోంచి చుట్టుకొస్తుంది. ఒడ్డు పొడిగా ఉందనుకుంటూ కూర్చుంటే వెనక దారి తెగిపోతుంది.

ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. నీటి లెక్కలో సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ అంకెలు రేడియోలో విన్నా, ఫోన్లో చూసినా లంక రైతుకి సగమే అర్థమవుతాయి. తన రేవులో నీరు ఎంత ఎత్తు వస్తుందన్నది అసలు ప్రశ్న. దానికి ఖర్చులేని పని ఒకటుంది. రేవు పక్కన చెట్టుకో, గట్టిగా పాతిన తాటి దుంగకో అడుగుకొక గీత పెట్టండి. మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజు నీరు ఏ గీత దగ్గరుందో తారుతో గుర్తు వెయ్యండి. రెండోదానికి మరో గుర్తు. ఒక్క వరద కాలంలో మీ లంకకి మీ సొంత కొలబద్ద తయారవుతుంది. ఆ తర్వాత ధవళేశ్వరం అంకె చెప్పగానే పాకలోకి నీరొస్తుందో లేదో మీకే తెలిసిపోతుంది.

భద్రాచలంలో తగ్గుతోందని విని నిశ్చింతగా పడుకోవడం కూడా మంచిది కాదు. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి పొంగితే పైన తగ్గినా మనకి తగ్గదు. సముద్రం దగ్గరి లంకల వాళ్ళకి పోటు కూడా ఉంది. అమావాస్య, పౌర్ణమి పోటు సమయానికి వరద వస్తే నీరు దిగడం ఆలస్యమవుతుంది.

నా సలహా అడిగితే, మొదటి హెచ్చరికకే గేదెల్ని, ఇంజన్ని గట్టు దాటించాలి. రెండోదాకా ఆగితే ఏరు దాటించడానికి పెద్ద పడవ కావాలి, ఆ రోజు అందరికీ అదే పడవ కావాలి. మీరు చూసుకున్న మెరకే పాములకి కూడా కావాలని మరిచిపోకండి. వరద రోజుల్లో టార్చిలైటు లేకుండా పాకలోకి అడుగు పెట్టకూడదు. పడవని పొట్టి తాడుతో బిగించి కట్టే అలవాటు మానండి. రాత్రికి నీరు పెరిగితే తాడు కిందికి లాగి పడవ మునుగుతుంది. పొడుగు తాడు వేసి, కోత లేని వైపు చెట్టుకి కట్టుకోవాలి.

దోనె, గెడ, ఎదురు రేవు

ఏటికి అడ్డంగా తిన్నగా పోయే పడవ లేదు. గెడ వేసినా, తెడ్డు వేసినా ప్రవాహం దిగువకి లాగుతుంది. అందుకే బయల్దేరే రేవు కొంచెం ఎగువన, చేరే రేవు కొంచెం దిగువన ఉండాలి. తిరుగు ప్రయాణంలో ఒడ్డు వెంబడి పడవని ఎగువకి లాక్కెళ్ళి, అక్కడ్నించి వదలాలి. ఒడ్డు వెంబడి అలా లాగడానికి నడకదారి ఉందా? ముళ్ళ కంచెలు, ఇంజను పైపులు అడ్డం ఉన్నాయా? పాక జాగా చూసేటప్పుడు ఇది చూసుకోవాలి.

మీ రేవుకి దిగువన దగ్గర్లో ఏముందో ఇంకా ముఖ్యం. వంతెన స్తంభాలు గాని, పాత కట్టడాల రాళ్ళు గాని ఉంటే ఆ రేవు వదిలెయ్యండి. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. అందులో బడి పిల్లలున్నారు. ఆ మరుసటేడు 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి 50 మంది దాకా పోయారు. అంత పెద్ద బోటే సుడికి ఆగలేదు, మన దోనె ఎంత? ఈ రెండు ప్రమాదాల తర్వాత అధికారులు లైఫ్ జాకెట్ల గురించి గట్టిగానే చెప్పారు. పంటు మీద, లాంచీ మీద కొంత కనబడుతోంది. పొలానికి పోయే రైతు దోనెలో మాత్రం ఇప్పటికీ కనబడదు. జాకెట్టు కొనడం కష్టమైతే మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాలు రెండు తాడుతో కట్టి దోనెలో పడెయ్యండి. జాకెట్టుకి సాటి రాదు గాని, పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

తాటి దోనె చవక, తేలిక, ఇద్దరికి బాగానే ఉంటుంది. అందులో నిలబడి గెడ వేసే నేర్పు మన వాళ్ళకి ఉంది, అది కాదనను. అయితే నాలుగు ఎరువు బస్తాలు వేసి పైన ముగ్గురు కూర్చుంటే నేర్పు పని చెయ్యదు. దోనె అంచుకీ నీటికీ మధ్య జానెడు తగ్గితే ఇంకో ట్రిప్పు వెయ్యండి. పొలం పనికి పొద్దున్నే కూలీలందరూ ఒకేసారి ఎక్కాలనుకోవడం దగ్గరే ప్రమాదాలు మొదలవుతున్నాయి.

ఏరు ఎవరిది?

రేవు మీ పొలం ముందుందని అది మీదైపోదు. పొలం హద్దు ఒడ్డుతో ఆగుతుంది. నీటి మీద, ఏటి గర్భం మీద ఎవరికీ పట్టా లేదు. నదీ సంరక్షణ చట్టం 1884 నుంచీ ఉంది, ఏట్లో కట్టడాలకి అనుమతి కావాలని చెప్పేది అదే. అయినా మన లంకల్లో రేవు చుట్టూ కంచె వేసి, పక్క పొలం వాడి దోనె నిలవనివ్వని వాళ్ళు తయారవుతున్నారు. దీన్ని నేను ఒప్పుకోను. ఈ రోజు మీరు కంచె వేస్తే, రేపు ఎగువన ఉన్న పెద్ద రైతు ఇంకా పెద్ద కంచె వేస్తాడు. అప్పుడు నష్టపోయేది ఎవరు? అరెకరం వాడే.

వేటకి వెళ్ళే మత్స్యకారులతో మనకి వచ్చే తగువులు ఎక్కువ భాగం వలల దగ్గరే. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు రాగానే పులస సముద్రంలోంచి ఎదురెక్కి వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మనం సామెత చెప్పుకుంటాం గాని, దాన్ని పట్టేవాడికి ఏడాది తిండి ఆ రెండు నెలల్లోనే. అతను వల వదిలిన చోట మన ఇంజను పడవ పోతే పంకా వలని నమిలేస్తుంది. వల ఖరీదు మన ఎకరం పెట్టుబడికి తక్కువేం కాదు. వల చివర బెండు ఎక్కడుందో చూసి దాని అవతల నుంచి దాటండి, వల దగ్గర ఇంజను ఆపి పంకా పైకెత్తండి. వాళ్ళు కూడా రేవు ముఖాన, పడవలు దాటే దారిలో వల కట్టకూడదు. ఏ వరస నుంచి ఏ వరస దాకా పడవల దారి, ఏది వేట చోటు అన్నది వరద రాకముందే ఇరువైపులా కూర్చుని చెప్పుకుంటే సరిపోతుంది.

మందుల విషయంలో మాత్రం తప్పు మనదే. స్ప్రేయర్లు రేవులోనే కడుగుతున్నాం. ఖాళీ డబ్బాలు ఏట్లోకి విసిరేస్తున్నాం. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మనిషికన్నా చేపకి ఎన్నో రెట్లు విషం. చాలా కొద్దిగా కలిసినా పిల్ల చేప బతకదు. అదే రేవులో మన ఆడవాళ్ళు బిందె ముంచుతున్నారు, మన పిల్లలు ఈత కొడుతున్నారు. స్ప్రేయరు కడిగిన నీళ్ళు చేను గట్టున, ఏటికి దూరంగా పొయ్యండి. ఇంజను పెట్టే చోటు, గేదెలు దిగే చోటు దిగువన ఉండాలి. బిందె ముంచే చోటు ఎగువన. పోటు వచ్చే లంకల్లో నీరు రోజుకి రెండుసార్లు వెనక్కి కూడా నడుస్తుంది కాబట్టి అక్కడ ఎగువ దిగువ లెక్క చాలదు, దూరం కూడా ఉండాలి. వేసవిలో ఆనకట్ట దిగువకి పెద్దగా నీరు వదలరు, ఉప్పు పైకి ఎక్కుతుంది. అప్పుడు ఇంజను వేసే ముందు నీరు నోట్లో వేసుకుని చూడటం మన పెద్దల పద్ధతి, అది మంచిదే.

ఇసుక పడవల వాళ్ళతో కూడా మాట్లాడాలి. ఒడ్డు మొదట్లో ఇసుక తీస్తే ఆ గుంటలోకి ఒడ్డు జారుతుంది. వాళ్ళు కూలి కోసం మునిగేవాళ్ళు, వాళ్ళ మీద కేకలేసి లాభం లేదు. ఎక్కడ తియ్యాలో చెప్పే వాళ్ళని అడగాలి.

కాటేజీ వాళ్ళు వస్తే

ఇక కొత్తగా వచ్చిన ముచ్చట. డిండి దగ్గర హౌస్‌బోట్లు వచ్చాక ఏటి ఒడ్డు పొలాలకి గిరాకీ పెరిగింది. పట్నం నుంచి కారులో వచ్చి, మీ పొలం గట్టున నాలుగు కాటేజీలు వేస్తాం, కయాక్‌లని ప్లాస్టిక్ దోనెలు దింపుతాం, లీజుకివ్వండి అంటున్నారు. అరటికి ధర లేని ఏడాది ఆ లీజు డబ్బు ఇంటికి ఆసరా అవుతుంది. వద్దని నేను చెప్పను. మన పిల్లలు సరదాకి ఏరీదరా? వాళ్ళూ అంతే.

అయితే పొలం లీజుకివ్వండి గాని, రేవు ఇవ్వకండి. కాగితంలో రేవు మాట ఉంటే కొట్టేయించండి. ఊరి దోనెలు, వేట పడవలు ఎప్పటిలాగే నిలుస్తాయని రాయించండి. మరుగుదొడ్ల నీరు ఏట్లోకి వదలకుండా గుంట ఎక్కడ తవ్వుతారో ముందే చూపించమనండి. డి-పట్టా భూమి అయితే కాగితం మీద సంతకం పెట్టేముందు తహసీల్దారు కార్యాలయంలో అడగండి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం లీజు కూడా బదలాయింపే. 2023లో దానికి సవరణ వచ్చింది గాని, అది మీ పట్టాకి వర్తిస్తుందో లేదో పట్టా ఇచ్చిన సంవత్సరం చూస్తే గాని తెలియదు. ఆఖరికి భూమి పోతే పోయేది మీది, కాటేజీ వాడిది కాదు.

ఆ ప్లాస్టిక్ దోనెలు నీటికి జానెడెత్తులో ఉంటాయి. ఎదురెండలో ఇంజను పడవ నడిపే మన కుర్రాడికి కనబడవు. వాళ్ళు ఒడ్డు వెంబడే తిరగాలి, పడవల దారికి అడ్డం రాకూడదు, మొదటి హెచ్చరిక రాకముందే, ఏరు ఎర్రబడగానే నీళ్ళలోంచి తీసెయ్యాలి. మన వాళ్ళు కూడా వాళ్ళ పక్కనుంచి పోయేటప్పుడు ఇంజను వేగం తగ్గించాలి. వేగంగా పోయే పడవ అల ఆ దోనెల్ని తిప్పేస్తుంది. మన ఒడ్డుని కూడా కోసేది ఆ అలే.

పంచాయతీల్లో, మండలాల్లో రేవు పాట జరిగేటప్పుడు రైతులు ఎవరూ వెళ్ళరు. పాట పాడేవాళ్ళే ఉంటారు. ఈసారి నలుగురు వెళ్ళి కూర్చోండి. సొంత దోనెలో సొంత పొలానికి పోయే రైతు దగ్గర డబ్బు వసూలు చేస్తారా, జాకెట్లు ఎన్ని పెడతారు, వరద రోజుల్లో పశువుల్ని దాటించే పడవ ఎవరిది అని షరతులు చదివే టైములోనే అడగండి. పాట అయిపోయాక అడిగితే ఎవరూ వినరు.

వచ్చే అమావాస్యకి, పాటు బాగా తీసిన వేళ చూసుకుని రేవులోకి దిగండి. నీరు అడుక్కి పోయినప్పుడే రాళ్ళు, మునిగిన మొద్దులు, పాత గూటాలు బయటపడతాయి. వేటకెళ్ళే వాళ్ళలో ఇద్దర్ని కూడా పిలవండి, ఏటి అడుగు మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు. పాక గుంజలు పాతేది ఆ తర్వాతే.